పెద్ద లాప్‌టాప్ కాదు, మనతో ఊరికి వచ్చే లాప్‌టాప్ కొనండి



పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి. ఈ మధ్య మన గ్రూపులో రెండ్రోజులకొకరు "లాప్‌టాప్ కొనాలి, ఏది మంచిది?" అని అడుగుతున్నారు. కింద ఇరవై మంది ఇరవై పేర్లు చెప్తున్నారు. ఎక్కువ మంది చెప్పేది ఒకటే మాట: "ఎలాగూ కొంటున్నావు కదా, ఇంకో పదివేలు వేసి పెద్దది తీస్కో, ఈఎంఐ పెట్టేయ్." ఆ మాట తప్పు అని చెప్పడానికే ఇది రాస్తున్నా.

నేను కంప్యూటర్లు బాగా తెలిసినదాన్నేం కాదు. విశాఖలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ మూడో సంవత్సరం చదువుతున్నా. మాది హుకుంపేట మండలంలో చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మొదట నేనే, కాబట్టి ఇది కొను, అది కొనకు అని చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఒకసారి తప్పు కొన్నా. రెండోసారి సరిగ్గా కొన్నా. రెండుసార్లూ డబ్బు మా అమ్మదే.

నా మాట ముందే చెప్పేస్తా. మనలాంటి హాస్టల్ పిల్లలకి కావాల్సింది చిన్నది, తేలికైనది, అప్పు లేకుండా వచ్చేది, చెడిపోతే విప్పి బాగుచేసుకోగలిగేది. అది కొత్తదే కానక్కర్లేదు. కానీ "చిన్నది, చవకది" అని కళ్లు మూసుకుని కొంటే కూడా మునిగిపోతాం. నేను మునిగింది అలాగే.

మొదట నేను చేసిన తప్పు

మొదటి సంవత్సరం చివర్లో అమ్మ కాఫీ డబ్బులు పదహారు వేలు చేతిలో పెట్టింది. అమ్మా నాన్నా నవంబర్ నుంచి పండ్లు కోసి, పల్ప్ తీసి, ఎండబెట్టి, అమ్మితే వచ్చిన డబ్బు అది. నేను ఆన్‌లైన్ సేల్‌లో 11.6 అంగుళాల కొత్త లాప్‌టాప్ చూశా. రంగు బాగుంది, తేలిగ్గా ఉంది, ఫోటోలో భలే ఉంది. "విండోస్ 11, 4 జీబీ, 64 జీబీ" అని రాసి ఉంది. నా ఫోన్ కూడా 64 జీబీయే కదా, సరిపోతుంది అనుకుని ఆర్డర్ పెట్టేశా.

వచ్చిన రోజు రూమ్‌లో పండగే. పది రోజులకే అసలు సంగతి తెలిసింది. ఆ 64 జీబీలో సగం వరకు విండోసే తినేసింది. కాలేజీకి కావాల్సిన సాఫ్ట్‌వేర్లు వేశాక అప్‌డేట్ వచ్చింది, "స్థలం చాలదు" అని ఆగిపోయింది. క్రోమ్‌లో మూడు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ బాణం కదలదు. "ర్యామ్ పెంచండి" అని షాపుకి తీసుకెళ్తే అతను వెనక మూత తీసి చూపించాడు. ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంది, స్టోరేజీ కూడా అంతే. "ఇందులో నేను చేసేదేం లేదమ్మా" అన్నాడు.

సెమిస్టర్ ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి అది రీస్టార్ట్ అవుతూనే ఉంది. తెల్లారి నాలుగింటికి మా రూమ్‌మేట్ ఫోన్‌లో మళ్లీ మొత్తం టైప్ చేసుకున్నా. ఏడాది తిరక్కుండా ఐదు వేలకి అమ్మేశా. పదకొండు వేలు పోయాయి. అమ్మకి మాత్రం "మంచి రేటుకే పోయింది" అని అబద్ధం చెప్పా. ఇది ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు ఎవరైనా నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు: విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అంటే ఆన్ అవడానికి సరిపోయేది, పని చేసుకోవడానికి సరిపోయేది కాదు. పైగా చవక లాప్‌టాప్‌లలో ఉండే ఆ ఈఎంఎంసీ అనే స్టోరేజీ, ఎస్ఎస్‌డీ అంత వేగంగా ఉండదు, బోర్డుకి అతుక్కుని ఉంటుంది, మార్చలేం.

మా అన్నయ్య చేసిన తప్పు

నాది అలా ఉంటే మా పెద్దనాన్న కొడుకుది ఇంకో రకం. అతను 15.6 అంగుళాల గేమింగ్ లాప్‌టాప్ 58 వేలకి ఈఎంఐలో తీసుకున్నాడు. కీబోర్డులో ఎర్ర లైట్లు వెలుగుతాయి. అతను చదివేది బీఏ. గేమింగ్ లాప్‌టాప్ అంటే రెండు కిలోల పైనే ఉంటుంది, దాని ఛార్జర్ ఒక ఇటుకలా విడిగా. హాస్టల్ రూమ్‌లో ఎనిమిది మందికి రెండే ప్లగ్గులు. ఛార్జింగ్ తీసేస్తే రెండు గంటలు రాదు. లైబ్రరీకి తీసుకెళ్లడు, బరువు. ఊరికి తీసుకెళ్లడు, బస్సులో దెబ్బ తగుల్తుందని భయం. రూమ్‌లో వదిలేయడు, ఎవడైనా ఎత్తుకుపోతాడని భయం. చివరికి అది ట్రంకు పెట్టెలో తాళం వేసుకుని కూర్చుంది. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖు కట్ అవుతూనే ఉంది. రెండు నెలలు స్కాలర్‌షిప్ లేట్ అయితే పెద్దమ్మ మిరియాలు పచ్చివే, రేటు రాకముందే అమ్మి కట్టింది.

అన్నయ్యని నేను తప్పు పట్టట్లేదు. క్లాసులో అందరి దగ్గరా పెద్దవి ఉన్నప్పుడు మన దగ్గర ఏం లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఒక మాట అడగండి. ఆ లాప్‌టాప్ ఎన్ని గంటలు అతని చేతిలో ఉంది? పెట్టెలో ఉన్న లాప్‌టాప్ ఎంత గొప్పదైనా మనకేం చదువు చెప్పదు.

మన రోజు ఎలా ఉంటుందో చూసి కొనాలి

పొద్దున్న హాస్టల్ నుంచి కాలేజీకి నడక లేదా సిటీ బస్సు. మధ్యాహ్నం లైబ్రరీ. సాయంత్రం రూమ్‌లో మంచం మీదే టేబుల్. పండక్కో, సెలవులకో పాడేరు బస్సు ఎక్కితే చోడవరం, మాడుగుల దాటి ఘాట్ రోడ్డు, నిలబడే ప్రయాణం. ఊళ్లో వానాకాలం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఈ రోజంతా మనతో తిరగగలిగేదే మన లాప్‌టాప్.

అలా లెక్కేస్తే: బరువు కిలోంపావు, కిలోన్నర లోపు. స్క్రీన్ 12.5 నుంచి 14 అంగుళాలు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఛార్జింగ్ టైప్-సీ అయితే ఇంకా మంచిది. 45 లేదా 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ ఒక్కటుంటే ఫోన్‌కీ దానికీ అదే సరిపోతుంది. అంత వాట్లు ఇచ్చే పవర్ బ్యాంక్‌తో కరెంటు లేని చోట కూడా నడుస్తుంది. ఫోన్‌తో వచ్చే చిన్న ఛార్జర్‌తో మాత్రం సరిగ్గా ఎక్కదు, దానికి ఆశపడకండి.

ఇవన్నీ ఉన్న కొత్త లాప్‌టాప్ ఇరవై వేల లోపు నాకైతే దొరకలేదు. దొరికింది పాతదాంట్లో. కంపెనీలు ఆఫీసు వాళ్లకి కొని, మూడు నాలుగేళ్లు వాడి, ఒకేసారి వందల్లో వదిలించుకునే బిజినెస్ లాప్‌టాప్‌లు ఉంటాయి. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అనే వరసలు. ఇవి రోజూ బ్యాగులో తిరిగే ఉద్యోగుల కోసం చేసినవి కాబట్టి కీబోర్డు, మూత, కీళ్లు గట్టిగా ఉంటాయి. విడిభాగాలూ దొరుకుతాయి.

నేను తీసుకున్నది లాటిట్యూడ్ 7290. 12.5 అంగుళాలు, 8 జీబీ, 256 జీబీ, విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపులో 17,500. ర్యామ్ స్లాట్‌లో ఉంటుంది, రేపు డబ్బులుంటే 16 చేసుకోవచ్చు. హైదరాబాద్ వైపు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ చూడండి, అక్కడ వరసగా కంప్యూటర్ షాపులే.

షాపుకి వెళ్తే ఏం చూడాలి

ఒకటి, ప్రాసెసర్ తరం. "ఐ5" అనగానే పడిపోకండి. ఐ5 పక్కన ఉన్న నంబర్ చూడండి. ఐ5-7300యూ అంటే ఏడో తరం, ఐ5-8350యూ అంటే ఎనిమిదో తరం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైవే ఒప్పుకుంటుంది. ఆరో తరం, ఏడో తరం వాటిల్లో షాపువాళ్లు ఏదో ఒక దారిలో విండోస్ 11 ఎక్కించి చూపిస్తారు. నడుస్తుంది, కానీ ముందు ముందు అప్‌డేట్లకి గ్యారంటీ లేదు. మరీ డబ్బు తక్కువుంటే థింక్‌ప్యాడ్ ఎక్స్270 లాంటి పాతది తీసుకుని లినక్స్ మింట్ వేసుకోండి. అది ఉచితం. లిబ్రే ఆఫీస్ కూడా ఉచితం. నోట్స్, పీపీటీ, బ్రౌజింగ్‌కి బాగానే ఉంటుంది. బీకాం వాళ్లు మాత్రం ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుందని గుర్తుపెట్టుకోండి.

రెండు, ర్యామ్ మార్చగలమా లేదా. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల తేడా ఉంటుంది. థింక్‌ప్యాడ్ ఎక్స్270లో ర్యామ్ స్లాట్ ఉంది, దాని తర్వాతి ఎక్స్280లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ఎక్స్280 మంచిదే, కానీ 4 జీబీది తీసుకుంటే జీవితాంతం 4 జీబీయే. నా మొదటి కథే మళ్లీ.

మూడు, బ్యాటరీ. "బ్యాటరీ సూపరమ్మా" అనే మాట వినకండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైల్ వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒకటి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఒకటి ఉంటాయి. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పటి బలం. నాదాంట్లో 42 వేలకి 31 వేలు చూపించింది. అది చూపించే ఐదొందలు తగ్గించుకున్నా. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ వేయమనండి, లేదంటే ఇంకో పీస్ చూపించమనండి.

నాలుగు, కంపెనీ తాళం. ఇది చాలామందికి తెలీదు. ఆఫీసు లాప్‌టాప్‌లకి కొన్నిసార్లు పాత కంపెనీ లాక్ ఇంకా ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే వద్దు. వీలైతే షాపులోనే రీసెట్ చేయించి మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మొదటి సెటప్ చేయండి. ఏదో కంపెనీ పేరు చూపించి లాగిన్ అడిగితే అక్కడే వదిలేసి లేచిపోండి.

ఐదు, స్క్రీన్. అదే మోడల్‌లో 1366×768 ఉంటుంది, 1920×1080 కూడా ఉంటుంది. చిన్న స్క్రీన్ కాబట్టి రెండోది దొరికితే ఎక్సెల్‌లో ఎక్కువ వరసలు కనిపిస్తాయి. పక్కనుంచి చూసి రంగులు మారిపోతున్నాయేమో కూడా చూడండి.

తర్వాత ప్రతి కీ నొక్కండి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి, కెమెరా, మైకు, వైఫై చూడండి. అరగంట పడుతుంది. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. నాకు ఆరు నెలలు ఇచ్చారు. బిల్లు లేకపోతే అది దొంగిలించిన సరుకైనా మనకి తెలీదు. రేపు పోలీసు అడిగితే మన మొహం చూసి ముందు మననే అనుమానిస్తారు. ఆ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

క్రోమ్‌బుక్ గురించి కూడా అడుగుతున్నారు. తేలిక, బ్యాటరీ బాగా వస్తుంది, బ్రౌజర్‌లో జరిగే పనులకి చాలు. 2023లో 16,499కి వచ్చిన జియోబుక్ అయితే 990 గ్రాములే, కానీ అదీ 4 జీబీ, 64 జీబీ, దాని ఓఎస్ వేరు. ఈ రెండిట్లోనూ మీ కోర్సు సాఫ్ట్‌వేర్ వేసుకోగలరో లేదో ముందు లెక్చరర్‌ని అడగండి. పాత క్రోమ్‌బుక్ అయితే దాని అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో మోడల్ పేరు కొట్టి చూసుకోండి, ప్రతి మోడల్‌కీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఇంజనీరింగ్‌లో 3డీ డిజైన్, పెద్ద వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి నేను చెప్పిన చిన్నవి చాలవు. వాళ్లకి ఈ పోస్ట్ కాదు.

"మనకెప్పుడూ పాతవేనా?"

ఈ మాట మొన్న ఒక సీనియర్ అన్న అడిగాడు. "చిన్నప్పట్నుంచి వాళ్లూ వీళ్లూ వాడి ఇచ్చినవే వేసుకున్నాం, లాప్‌టాప్ కూడా ఎవడో వాడి పారేసిందేనా?" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అందులో నిజం ఉంది. ఆశ్రమ పాఠశాలలో నాకొచ్చిన లెక్కల పుస్తకంలో జవాబులు ముందే ఎవరో పెన్సిల్‌తో రాసేసి ఉన్నాయి. కొత్త పుస్తకం వాసన ఎలా ఉంటుందో ఇంటర్‌లో గానీ నాకు తెలీదు.

కానీ అన్నా, నేను చెప్పేది ఇది. ఆ పుస్తకం నాకు ఇచ్చారు. ఈ లాప్‌టాప్ నేను ఎంచుకున్నా. ఐదు షాపులు తిరిగా, మూత తీయించి చూశా, రిపోర్ట్ చూపించి బేరమాడా, నా పేరు మీద బిల్లు రాయించుకున్నా. దానం పుచ్చుకోవడం వేరు, తెలిసి కొనుక్కోవడం వేరు. మొదటిసారి నేను కొన్నది కొత్తదే కదా! సీలు కూడా నేనే విప్పా. అందులో నాకు దక్కిన గౌరవం ఏంటి, తెల్లారి నాలుగింటికి ఏడుస్తూ కూర్చోవడం.

ఇంట్లో నిజంగా డబ్బుంటే, అప్పు లేకుండా వస్తే, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉన్న 14 అంగుళాల కొత్తది తీసుకోండి. నేను వద్దనను. నేను వద్దనేది ఈఎంఐని. మన ఇళ్లల్లో నెల జీతం లేదు. కాఫీ ఒక కాలం, మిరియాలు ఒక కాలం, పసుపు ఒక కాలం. డబ్బు కాలానికొకసారి వస్తుంది, ఈఎంఐ నెలకొకసారి వస్తుంది. ఆ రెండూ కలవవు. కలవని చోట మన అమ్మలు పంటని తక్కువకి అమ్ముతారు.

ఊరికి తీసుకెళ్తే ఏమవుతుందో చెప్తా

సంక్రాంతికి మొదటిసారి బట్టల మధ్యలో పెట్టి ఇంటికి తీసుకెళ్లా. అమ్మ చూసి "ఏటే, ఇంత సిన్నదానికా అంత డబ్బు?" అంది. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి "పలక లాగుంది" అన్నాడు.

మర్నాడు మా పిన్ని కూతురికి గురుకులం ఎంట్రన్స్ దరఖాస్తు నింపాలి. మామూలుగా అయితే పాడేరు వెళ్లాలి. బస్సు ఛార్జీ, నెట్ సెంటర్ వాడికి వంద, ఒక రోజు కూలి పోతుంది. ఫోటో 50 కేబీ లోపు లేదని వాడు తిప్పి పంపితే రెండో రోజు కూడా పోతుంది. నేను లాప్‌టాప్ పట్టుకుని గుట్ట మీదకెళ్లి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, బండ మీద కూర్చుని అరగంటలో నింపేశా. సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకరికి కుల ధ్రువీకరణ కాగితం, ఒకరికి ఆధార్ పేరులో తప్పు, ఒక మావయ్య అటవీ హక్కు పట్టా తెచ్చి "ఇది సిరిగిపోతంది, ఇందులో దాసెయ్యమ్మా" అన్నాడు. ఫోన్‌తో ఫోటోలు తీసి పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచా.

రాత్రిళ్లు ఇంకో పని మొదలుపెట్టా. మేము కొండదొరలం. మా అవ్వకి వచ్చిన కొండ భాష మా అమ్మకి సగం వచ్చు, నాకు రాదు. అవ్వ పక్కన కూర్చుని ఒక్కో మాటా అడిగి తెలుగు అక్షరాల్లో షీట్‌లో ఎక్కిస్తున్నా, పక్కన అర్థం. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో తెలుగు భాష పెట్టుకుంటే వస్తుంది. ఇప్పటికి నాలుగు వందల మాటలు దాటాయి. కరెంటు పోయినా నాలుగు గంటలు నడుస్తుంది. అవ్వకి నిద్ర వచ్చేదాకా సరిపోతుంది.

ఇదంతా అన్నయ్య 58 వేల లాప్‌టాప్‌తో కూడా అవుతుంది. ఇంకా వేగంగా అవుతుంది. కానీ అది రాదు కదా, ట్రంకు పెట్టెలో ఉంది.

చివరిగా మూడు మాటలు

ఒకటి. లాప్‌టాప్ కొనుక్కోవడం మన తల్లిదండ్రుల బాధ్యత మాత్రమే కాకూడదు. ప్రతి హాస్టల్లో కనీసం మంచానికో ప్లగ్, తాళం వేసుకునే చిన్న బీరువా, అందరూ వాడుకునే నాలుగు కంప్యూటర్లు ఉండాలి. ఇవి పెద్ద కోరికలు కావు. ఈ నెల మీటింగ్‌లో ఎవరి హాస్టల్ వాళ్లు రాసి తెండి, కలిపి ఒక వినతిపత్రం ఐటీడీఏలో ఇద్దాం.

రెండు. ఈ గ్రూపులో ఎవరైనా లాప్‌టాప్ కొనాలనుకుంటే ఒంటరిగా వెళ్లకండి. విశాఖలో ఉన్నవాళ్లు ఆదివారం అయితే నన్ను పిలవండి, వస్తా. ముఖ్యంగా మొదటి సంవత్సరం చెల్లెళ్లు, షాపులో మాట్లాడ్డానికి మొహమాటపడకండి. నేను మొదటిసారి మొహమాటపడే ఆన్‌లైన్‌లో కొన్నా.

మూడు. మీరు కొన్నదాని మోడల్, రేటు, బ్యాటరీ రిపోర్ట్ నంబర్లు కింద కామెంట్లో పెట్టండి. మోసపోయిన కథ అయినా పెట్టండి, సిగ్గుపడకండి. పదకొండు వేలు పోయిన సంగతి నేను చెప్పేశా కదా. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు చెప్తా.

జోహార్.